మెతుకు పట్టి చూస్తే చాలునా?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నె అంతా కలియబెట్టనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన అమ్మమ్మల నాటి మాట. వంటింట్లో ఆ మాటకు తిరుగులేదు. కాని ఈమధ్య ఆ మాటను వంటింట్లోంచి బయటికి తీసుకుపోయి ఓట్లకు కూడా అంటగడుతున్నారు. అక్కడే నాకు పేచీ వచ్చింది. ఈవేళ ఆ సంగతే మీతో నాలుగు మాటలు చెబుతాను.

అరకు సంతలో ఒకసారి పసుపు కొమ్ముల గంప ముందు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నది. బేరం ఆడుతూ ఆడుతూ మాటల్లో పడ్డాం. వానల దగ్గర మొదలైన మాట కాఫీ పళ్ళ ధర మీదుగా ఓట్ల దగ్గరికి వచ్చి ఆగింది. "మా ఊరు సర్పంచి ఓట్లలో ఎటు వేసిందో అందరికీ తెలిసిపోయింది కదమ్మా. పెద్ద ఓట్లలోనూ మీరు అటే అని ఇప్పుడే చెప్పేస్తున్నారు. మరి అంతా అయిపోయినాక నేను పని మానుకుని, అంత కొండ దిగి, మళ్ళీ ఎక్కి, ఎందుకమ్మా?" అన్నది.

నేను ఏదో చెప్పాను గాని, ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆవిడ వేసింది చిన్న ప్రశ్న కాదు. ఇదే ప్రశ్నను అమెరికాలో పెద్ద పెద్ద పండితులు ప్రతి నాలుగేళ్ళకూ ఒకసారి వేసుకుంటూ ఉంటారు. నడుమ వచ్చిన ఎన్నికల ఫలితాన్ని చూసి, రేపు రాబోయే పెద్ద ఎన్నిక ఫలితం చెప్పవచ్చునా? పసుపు కొమ్ముల గంప దగ్గరి ప్రశ్నా, ఆ ప్రశ్నా ఒకటే.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. 'మధ్యంతర ఎన్నికలు' అనే మాట మన పత్రికల్లో ఒక అర్థంలో కనిపిస్తుంది, అమెరికా వార్తల్లో ఇంకొక అర్థంలో కనిపిస్తుంది. మనకు మధ్యంతరమంటే గడువు తీరకముందే సభ రద్దయి వచ్చే ఎన్నిక. లోక్‌సభకు 1971లోనూ, 1980లోనూ అలా వచ్చాయి. మన రాష్ట్ర శాసనసభకు 1985లో వచ్చింది. అమెరికాలో అలా కాదు. అక్కడ అధ్యక్షుడి పదవి నాలుగేళ్ళు. సరిగ్గా సగం దారిలో, రెండేళ్ళకు, నవంబరు నెలలో ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో దాదాపు మూడోవంతుకూ ఎన్నికలు జరుగుతాయి. అధ్యక్షుడి పేరు ఆ బ్యాలెట్ మీద ఉండదు. అయినా అందరూ దాన్ని ఆయనకు వచ్చిన మార్కుల కాగితంలాగానే చూస్తారు.

మన దగ్గర అచ్చంగా అలాంటి ఏర్పాటు లేదు. కాని అయిదేళ్ళ నడుమ పంచాయతీలు, మండలాలు, జిల్లా పరిషత్తులు, మునిసిపాలిటీలు, ఉపఎన్నికలు, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు వస్తూనే ఉంటాయి. వచ్చిన ప్రతిసారీ, ఇదిగో మెతుకు పట్టుకున్నాం, అన్నం ఉడికిపోయింది అని చెప్పేవాళ్ళు బయలుదేరుతారు.

సరే, ఆ మెతుకు ఎన్నిసార్లు నిజం చెప్పిందో చూద్దాం. మీలో చాలామందికి అమెరికాలో కొడుకో కూతురో, కనీసం మేనల్లుడో ఉంటారు గనక అక్కడినుంచే మొదలుపెడదాం. 1982 మధ్యకాలపు ఎన్నికల్లో అధ్యక్షుడు రీగన్ పార్టీ ప్రతినిధుల సభలో 26 స్థానాలు పోగొట్టుకుంది. ఇక ఆయన పని అయిపోయిందన్నారు. 1984లో ఆయనే 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. 1994లో క్లింటన్ పార్టీ రెండు సభలనూ పోగొట్టుకుంది. 1996లో క్లింటన్ మళ్ళీ గెలిచాడు. 2010లో ఒబామా పార్టీకి ప్రతినిధుల సభలో 63 స్థానాల నష్టం. 2012లో మళ్ళీ ఒబామాయే. అయితే నడుమ ఓడినవాడు చివర గెలుస్తాడని సూత్రం రాసుకుందామా? అదీ కుదరదు. 2018లో ట్రంప్ పార్టీ ప్రతినిధుల సభను పోగొట్టుకుంది, 2020లో ఆయన కూడా ఓడాడు. 2022లో బైడెన్ పార్టీకి అందరూ భయపడినంత దెబ్బ తగలలేదు. అది చూసి ఫరవాలేదనుకున్నారు. 2024లో ఆ పార్టీ అభ్యర్థి కమలా హారిస్ ఓడిపోయి ట్రంప్ తిరిగి వచ్చాడు.

చూశారా? నడుమ ఓడి చివర గెలిచారు, నడుమ ఓడి చివరా ఓడారు, నడుమ నిలబడి చివర పడిపోయారు. ఆ మెతుకు ఒక్కొక్కసారి ఒక్కొక్క మాట చెప్పింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2012 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 18 శాసనసభ స్థానాలకు ఉపఎన్నికలు జరిగాయి. అందులో 15 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. తెలుగుదేశానికి ఒక్కటీ రాలేదు. ఆ లెక్కన 2014లో ఎవరు రావాలి? వచ్చింది తెలుగుదేశం, 175లో 102 స్థానాలతో. ఆ తరువాత 2017 ఆగస్టులో నంద్యాల ఉపఎన్నిక వచ్చింది. దాన్ని తెలుగుదేశం 27 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచింది. ఇక 2019 కూడా వారిదేనని ఎందరో తేల్చేశారు. 2019లో నంద్యాల కూడా చేజారింది, రాష్ట్రమూ చేజారింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, తెలుగుదేశానికి 23.

తరువాత వచ్చింది 2021. పంచాయతీలకు ఫిబ్రవరిలోనూ, మునిసిపాలిటీలకు మార్చిలోనూ, మండల, జిల్లా పరిషత్తులకు ఏప్రిల్‌లోనూ పోలింగు జరిగింది. పార్టీ గుర్తులతో జరిగిన మండల, జిల్లా పరిషత్తు ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్ ఊడ్చేసింది. 13 జిల్లా పరిషత్తులూ దానివే. అయితే మూడేళ్ళు తిరిగి 2024 మే వచ్చేసరికి ఆ పార్టీకి శాసనసభలో మిగిలినవి 11 స్థానాలు. తెలుగుదేశం, జనసేన, భాజపా కూటమికి 164.

మరి నిజం చెప్పిన మెతుకే లేదా? ఒకటి ఉన్నది. 2023 మార్చిలో మూడు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలకు ఎన్నికలు జరిగితే మూడూ తెలుగుదేశం గెలిచింది. మన ఉత్తరాంధ్ర స్థానంలో వేపాడ చిరంజీవిరావుగారు గెలిచారు. ఆ ఎన్నికలో ఓటు వేసేది డిగ్రీ చదివి, పేరు నమోదు చేయించుకున్నవాళ్ళు మాత్రమే. ఇంత చిన్న గుంపు మాటను పట్టించుకోనక్కరలేదని కొందరు కొట్టిపారేశారు. తీరా ఏడాదికి రాష్ట్రమంతా ఆ గుంపు చెప్పిన వైపే తిరిగింది.

అయితే ఎమ్మెల్సీ ఫలితమే అసలైన మెతుకు అని ఇప్పుడు మనం రాసి పెట్టుకుందామా? తొందరపడకండి. ఇక్కడే అరకు అడ్డం వచ్చింది.

అరకు లోక్‌సభ స్థానంలో ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. 2019లో ఏడూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో కింద మైదానంలో ఆ పార్టీకి చెట్టు వేళ్ళతో సహా పెకలించుకు పోతుంటే, పైన అరకులోయా పాడేరూ మాత్రం కదలలేదు. రెండూ మళ్ళీ ఆ పార్టీకే వచ్చాయి. తక్కిన అయిదూ కూటమికి వెళ్ళాయి. ఇంకా విశేషం, ఏడింటిలో అయిదు పోయినా ఎంపీ స్థానం మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌కే దక్కింది. డాక్టర్ గుమ్మా తనూజారాణిగారు భాజపా అభ్యర్థి కొత్తపల్లి గీతగారి మీద సుమారు 50 వేల ఓట్ల తేడాతో గెలిచారు. మార్క్సిస్టు పార్టీ అభ్యర్థికి లక్షకు పైగా ఓట్లు వచ్చాయి.

అంటే ఏమిటి? ఒకే రోజున, ఒకే గదిలో, పక్కపక్కనే పెట్టిన రెండు యంత్రాల మీద ఒకే చెయ్యి ఒకదాని మీద ఒక గుర్తూ, రెండోదాని మీద ఇంకో గుర్తూ నొక్కిందన్నమాట. అలా నొక్కినవాళ్ళు చాలామందే ఉండి ఉండాలి. ఒకే రోజున ఎమ్మెల్యేకు ఒక మాట, ఎంపీకి ఇంకో మాట చెప్పగలిగిన మనిషిని పట్టుకుని, మూడేళ్ళ కిందట సర్పంచికి ఇటు వేశావు గనక రేపు కూడా ఇటే అనడం ఎంత తెలివితక్కువ?

2021 ఫలితం రాష్ట్రానికి తప్పు చెప్పింది, అరకులోయకూ పాడేరుకూ ఒప్పు చెప్పింది. 2023 ఫలితం రాష్ట్రానికి ఒప్పు చెప్పింది, ఈ రెండు చోట్లకూ తప్పు చెప్పింది. ఏ మెతుకూ గిన్నె అంతటికీ సరిపోలేదు. ఎందుకని? ఎందుకంటే ఇది ఒక గిన్నె కాదు. ఎసరు వేరు, బియ్యం వేరు, పొయ్యి వేరు. పైన చోడి అంబలి కాగుతూ ఉంటే, కింద వరి అన్నం మెతుకు పట్టి చూసి అంబలి కాగిందని చెప్పడం లాంటిది.

అందువల్ల నడుమ వచ్చిన ఫలితం చేతిలో పడగానే మనం కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇవి పండితుల ప్రశ్నలు కావు. సంతలో సరుకు కొనేటప్పుడు మనం రోజూ వేసే ప్రశ్నలే.

మొదటిది, తక్కెడలో రెండో పళ్ళెం ఉన్నదా? 2021 జిల్లా పరిషత్తు ఎన్నికలే చూడండి. మొత్తం 660 జడ్పీటీసీ స్థానాల్లో 126 ఏకగ్రీవమైపోయాయి. వాటిలో ఓటే పడలేదు. నామినేషన్లు 2020 మార్చిలో వేశారు. కరోనా వల్ల ఎన్నిక ఆగిపోయింది. పోలింగు 2021 ఏప్రిల్ 8న జరిగింది. పోలింగుకు కొద్దిరోజుల ముందు తెలుగుదేశం పోటీనుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. కోర్టు వ్యవహారాలన్నీ తేలి ఓట్లు లెక్కపెట్టింది సెప్టెంబరు 19న. ఏడాదిన్నర కిందట ఎసరు పెట్టి, సగంలో పొయ్యి ఆర్పి, మళ్ళీ రాజేసి, దించాక అయిదు నెలలు మూత తీయకుండా ఉంచిన అన్నమది. దాని మెతుకు పట్టి రేపటి వంట సంగతి చెప్పగలమా?

ఇది ఒక పార్టీని అంటున్న మాట కాదు. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నిక జరిగింది. 2024లో అదే పులివెందులలో జగన్‌మోహన్‌రెడ్డిగారికి 61 వేల పైచిలుకు ఆధిక్యం వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ మండలంలో తెలుగుదేశం గెలిచింది. ఓటర్లను అడ్డుకున్నారని ఓడినవారు ఆరోపించారు, అదేం లేదని గెలిచినవారు అన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క ఫలితం చూసి 2029లో ఏమవుతుందో చెప్పబోతే 2021లో చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు. అధికారంలో ఎవరున్నా చిన్న ఎన్నికల్లో వారికి కొంత మొగ్గు ఉంటుంది. రోడ్డు వెయ్యాలన్నా, నీళ్ళ కుళాయి పెట్టాలన్నా పైనుంచి డబ్బు రావాలి గదా, ఎదురు పార్టీ మనిషిని గెలిపించుకుని ఏం చేసుకుంటామని ఊరు అనుకుంటుంది. అది ప్రేమ కాదు, అవసరం.

విచిత్రమేమంటే అమెరికాలో ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ మధ్యకాలపు ఎన్నికల్లో సాధారణంగా అధ్యక్షుడి పార్టీయే స్థానాలు పోగొట్టుకుంటుంది. 1934, 1998, 2002 లాంటి సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే. కోపం ఉన్నవాడు పనిగట్టుకుని వచ్చి ఓటు వేస్తాడు, తృప్తిగా ఉన్నవాడు ఇంట్లో కూర్చుంటాడు. అందువల్ల అక్కడి నడుమ ఎన్నిక పాలించేవారిని ఉన్నదానికన్నా బలహీనంగా చూపిస్తుంది. మన నడుమ ఎన్నిక తరచు వారిని ఉన్నదానికన్నా బలంగా చూపిస్తుంది. రెండు అద్దాలూ వంకరవే, వంకర మాత్రం వేరువేరు.

రెండో ప్రశ్న, ఓటు వేసిందెవరు? అమెరికాలో 2014 మధ్యకాలపు ఎన్నికల్లో ఓటు హక్కు ఉన్నవారిలో నూటికి 40 మంది కూడా వెళ్ళలేదు. 2020 అధ్యక్ష ఎన్నికకు నూటికి 66 మంది దాకా వెళ్ళారు. మొదటిసారి రానివాళ్ళు రెండోసారి వస్తే ఫలితం మారదూ? మన పట్టభద్రుల ఎన్నికకూ అంతే. అది చదువుకున్నవారి కోపం చెప్పింది. డిగ్రీ చదివినవారు తక్కువగా ఉన్న ముంచింగిపుట్టు, పెదబయలు కొండల మాట అందులో ఎంత వినపడి ఉంటుంది?

మూడోది, ఏ పనికి మనిషిని ఎంచుకున్నారు? సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులతో జరగదు. షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచి పదవులన్నీ గిరిజనులకే. అందులో సగం ఆడవాళ్ళకు. అక్కడ మనం చూసేది పార్టీని కాదు. ఆమె మన వీధి మనిషేనా, ఊటనీటి పైపు చెడిపోతే పిలిస్తే పలుకుతుందా, బంధువర్గం ఏది, తగవు వస్తే ఎటు నిలబడుతుంది, ఇవి చూస్తాం. ముఖ్యమంత్రిని ఎంచుకునేటప్పుడు అడిగే ప్రశ్నలు ఇవి కావు. వంటకు పిలిచిన మనిషిని మెచ్చుకున్నామని పురుడు పోయడానికి కూడా ఆమెనే పిలుస్తామా?

నాలుగోది, ఆ తరువాత ఏం మారింది? 2012 ఉపఎన్నికలకూ 2014కూ నడుమ రాష్ట్రమే రెండయింది. ఓటరు ముందున్న ప్రశ్నే మారిపోయాక పాత జవాబు ఎలా పనికొస్తుంది? మన మన్యంలో 2015లో బాక్సైట్ తవ్వకాలకు అటవీ భూమి ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చినప్పుడు కొండలన్నీ అట్టుడికాయి. 2019 ఫలితంలో ఆ కోపానికీ పాలు ఉందని చెప్పుకున్నారు. 2023 మార్చిలో బోయ, వాల్మీకులను షెడ్యూల్డు తెగల్లో చేర్చాలని శాసనసభ తీర్మానం చేస్తే మన్యంలో నిరసనలు లేచాయి. ఈ దెబ్బతో అరకూ పాడేరూ తిరగబడతాయనుకున్నవాళ్ళున్నారు. 2024లో ఆ రెండూ తిరగలేదు. కోపం ఉన్నదని తెలియడం వేరు, ఆ కోపం ఏ గుర్తు మీద పడుతుందో తెలియడం వేరు.

నాయకులు నడుమ పార్టీ మారితే జనం కూడా వారి వెంట మారారనుకోవడం కూడా ఇలాంటి లెక్కే. 2014లో పాడేరులో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన గిడ్డి ఈశ్వరిగారు 2017లో తెలుగుదేశంలో చేరారు. పాడేరు మాత్రం 2019లోనూ, 2024లోనూ ఆమె వెంట రాలేదు. గీతగారి సంగతీ అంతే. 2014లో ఆమెను ఎంపీ చేసిన అరకే 2024లో వేరే పార్టీ తరఫున నిలబడితే కాదన్నది. అరకు ఓటు నాయకుల మూటలో సరుకు కాదు.

చివరిగా ఇంకొక్క ప్రశ్న. గెలిచిందెవరన్నది ఒక్కటే చూడకండి, ఎంత కదిలిందన్నది చూడండి. 2014లో అరకు ఎంపీ స్థానంలో ఆధిక్యం 91 వేలు. 2019లో గొడ్డేటి మాధవిగారు కిశోర్ చంద్రదేవ్‌గారి మీద 2 లక్షల 24 వేల తేడాతో గెలిచారు. 2024లో ఆ తేడా 50 వేలకు వచ్చింది. పేరుకు అరకు కదలలేదన్నాం గాని, గాలి ఇక్కడా వీచింది. గట్టి దూలం పడలేదు, అంతే. గెలుపు ఒక్కటే చూసి నిశ్చింతగా కూర్చున్నవాడికి ఆ చప్పుడు వినపడదు.

ఇంతా చెప్పి, నడుమ వచ్చే ఎన్నికలు పనికిరానివని నేననడం లేదు. మన ఆడవాళ్ళకు అధికారపు మొదటి మెట్టు అక్కడే దొరికింది. 2021లో ముంచింగిపుట్టు నుంచి జడ్పీటీసీగా గెలిచిన జల్లి సుభద్రగారు విశాఖపట్నం జిల్లా పరిషత్తు అధ్యక్షురాలయ్యారు. ఒడిశా సరిహద్దు కొండల నుంచి వెళ్ళిన గిరిజన మహిళ అంత పెద్ద జిల్లా పరిషత్తు కుర్చీలో కూర్చోవడం రేపటి ఎన్నికకు శకునమా కాదా అన్నదానితో పని లేకుండానే గొప్ప సంగతి. చిన్న ఎన్నికను చిన్న ఎన్నికగా చూస్తే అది చాలా చెబుతుంది. ఏ ఊళ్ళో నీళ్ళు లేవు, ఏ దారి వేయలేదు, ఎవరికి ఎవరి మీద నమ్మకం పోయింది, ఇవన్నీ చెబుతుంది. దానిచేత జోస్యం చెప్పించబోతేనే వస్తుంది చిక్కు.

ఆ చిక్కు ఎవరికి తగులుతుందో చూడండి. పట్నంలో జోస్యం తప్పితే చెప్పినవాడు నవ్వేసి ఊరుకుంటాడు. కొండ మీద ఆ జోస్యం ఒక మనిషి ఓటును ఆమె వేయకముందే లెక్క కట్టేస్తుంది. "మీ ఊరు మాదే" అని ఒక పక్షం ఆ ఊరి ముఖం చూడదు. "ఆ ఊరు వాళ్ళదే" అని రెండో పక్షమూ చూడదు. ఇద్దరూ వదిలేసిన ఊరికి దారి ఎవరు వేస్తారు? ఇక ఆ ఊరి మనిషి, అంతా అయిపోయిందట గదా అని ఇంట్లోనే ఉండిపోతే, జోస్యం తనంతట తానే నిజమైపోతుంది.

ఇంకో భయం కూడా ఉన్నది, దాన్నీ దాచకుండా చెప్పుకుందాం. లెక్కింపు బూతు బూతుకూ విడివిడిగా జరుగుతుంది. కొండల్లో బూతులు చిన్నవి. అందుచేత ఏ బూతు ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది, అది నిజమే. కాని ఊరి మొగ్గు తెలుస్తుంది గాని మనిషి ఓటు ఎవరికీ తెలియదు. ఆ యంత్రానికి మీ పేరు తెలియదు. ఎవరికి వేశావో మాకు తెలుసు, పింఛను ఆపుతాం, బియ్యం ఆపుతాం అని ఎవరైనా అంటే అది ఉత్త బెదిరింపు. అలా బెదిరించడం చట్టప్రకారం నేరం కూడా.

మీట నొక్కాక పక్కనున్న పెట్టె అద్దంలో, మీరు వేసిన గుర్తున్న చీటీ ఏడు క్షణాలు కనిపించి లోపలికి పడిపోతుంది. తొందరపడి వచ్చేయకుండా ఆ ఏడు క్షణాలూ నిలబడి చూసుకోండి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2024లో అరకు ఎంపీ ఎన్నికలో ఎవరికీ వద్దనే 'నోటా' మీటకు 50 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. గెలుపు ఓటముల మధ్య తేడా ఎంతో, నోటా ఓట్లూ ఇంచుమించు అంతే. అందులో కోపం ఎంతో, పొరపాటున చివరి మీట నొక్కినది ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. కోపంతో వేస్తే అది మీ హక్కు, ఎవరూ కాదనకూడదు. పొరపాటుగా మాత్రం పోనివ్వకండి. ఇంకొక మాట. 2024లో అరకులోయ, పాడేరు, రంపచోడవరంలో పోలింగు సాయంత్రం నాలుగింటికే ముగించారు. మైదానంలో లాగా ఆరింటి దాకా ఉంటుందని అనుకోకుండా ముందుగా వేళ కనుక్కోండి. పొద్దున్నే బయలుదేరండి. ఇద్దరు ముగ్గురు కలిసి దిగండి.

సంతలో పసుపు కొమ్ములమ్మే ఆ పెద్దావిడ మళ్ళీ కనబడితే ఈసారి చెప్పవలసిన జవాబు నా దగ్గర ఉన్నది. అమ్మా, సర్పంచి ఓటులో నువ్వు చెప్పిన మాట సర్పంచి గురించి. పెద్ద ఓటులో నీ మాట ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు. అమెరికా పండితులకు తెలియదు, పట్నం పండితులకు తెలియదు, మీ ఊరి పెద్దకూ తెలియదు. నువ్వు కొండ దిగి వచ్చి చెబితేనే తెలుస్తుంది.

మెతుకు పట్టి చూసేవాళ్ళను చూడనివ్వండి. గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉన్నది. గరిటె మీ చేతిలో ఉన్నది.

సెలవు.